నిదానం ప్యాసింజరు

మాస్టారు చెప్పులు తొడుక్కోవడం చూడాలంటే చేతిలో బోలెడంత తీరిక ఉండాలి. ముందు రెంటినీ గోడవారగా పక్కపక్కన సర్దుతారు. తిరగేసి దులుపుతారు, లోపల రాయీ రప్పా దూరిందేమోనని. కుర్చీలో కూచుని కుడికాలు పెట్టి బకిల్ బిగిస్తారు. బిగువు ఎక్కువైందని ఒక చిల్లు వదులు చేస్తారు, మరీ వదులైందని మళ్ళీ బిగిస్తారు. ఎడమకాలికీ ఇదే తంతు. ఈలోగా ఆయన్ని బయటికి రమ్మని పిలిచినవాళ్ళు వెళ్ళి, పని చూసుకుని, తిరిగి కూడా వచ్చేస్తారు.

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయన ఉద్యోగపు కాగితాల్లో తప్ప ఇంకెక్కడా బతికి లేదు. అందరికీ ఆయన నిదానం మాస్టారే. ఆ పేరు పెట్టింది స్వయానా అక్కయ్య. "కడుపులోంచి బయటికి రావడానికే రెండు వారాలు ఆలోచించాడు వీడు" అనేది ఆవిడ. బైబిలు పాఠశాలలో గ్రీకు చెప్పే ఉద్యోగం ఈయనకి దొరకడం దేవుడు చూసి చూసి చేసిన పని అనుకోవాలి. రెండు వేల ఏళ్ళనాటి భాష. ఇవాళ కాకపోతే రేపు నేర్చుకున్నా అదేమీ పారిపోదు.

ఇక అక్కయ్య సంగతి. ఆవిడ రైల్వే స్టేషన్లో అనౌన్సరుగా పనిచేసి రిటైరైంది. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో మైకులో చెప్పే ఉద్యోగం. ఆ గొంతు వినబడగానే బెంచీల మీద కునికిపాట్లు పడుతున్నవాళ్ళు ఉలిక్కిపడి లేచి, తమ బండి కాకపోయినా సంచులు భుజాన వేసుకునేవారట. మైకు ముందు ఎంత స్పష్టంగా మాట్లాడేదో, బయట అంత గడబిడ. ఎదుటివాడి మాట సగంలో ఉండగానే మిగతా సగం తనే పూర్తిచేసి, దానికి జవాబు కూడా తనే చెప్పేసేది.

చిన్నప్పుడు తల్లి మిల్లులో షిఫ్టుకి పోతే తమ్ముడి ఆలనాపాలనా అంతా ఈ అక్కయ్యదే. వాడికి నడక నేర్పడం దగ్గర్నించి అన్నీ చేసింది. చెయ్యి పట్టుకుని బడికి లాక్కెళ్ళింది, జ్వరమొస్తే మంచం పట్టె మీదే కూచుంది. తనకి స్టేషన్లో ఉద్యోగం వచ్చిన కొత్తలో స్నానాల గది తలుపు దగ్గర నిలబడి, గొంతు ముక్కులోంచి తెచ్చి, "దయచేసి వినండి. నిదానం ప్యాసింజరు నిరవధికంగా ఆలస్యంగా నడుచుచున్నది. ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అనేది. లోపల సబ్బు రుద్దుకుంటున్న నిదానం పకపకా నవ్వేవాడు. నవ్వి, ఇంకొంచెం ఆలస్యం చేసేవాడు.

అలాంటి అక్కాతమ్ముళ్ళు రెండేళ్ళుగా ఒకరి గడప ఒకరు తొక్కలేదు. దానికి కారణం ఒక గ్రీకు మాట అంటే ఎవరైనా నవ్వుతారు. కానీ అంతే.

బైబిలు కొత్త నిబంధనలో ఉన్న గ్రీకు మాటలన్నిటికీ తెలుగులో అర్థాలు చెప్పే నిఘంటువు ఒకటి తయారు చెయ్యాలని మాస్టారు వయసులో ఉన్నప్పుడు మొదలుపెట్టారు. జుట్టు నెరిసింది, కళ్ళజోడు మందమెక్కింది, పని 'స' అక్షరం దాకా వచ్చింది. అక్కడ 'స్పూదే' అనే మాట దగ్గర బండి ఆగిపోయింది.

స్పూదే అంటే ఆసక్తి అని రాసి పడేస్తే పోయేది. ఆ మాట మాత్రం ఒక్కచోట కుదురుగా కూచునే రకం కాదు. పౌలు భక్తుడు రోమా సంఘానికి ఉత్తరం రాసినచోట అది ఆసక్తి. కొరింథు వాళ్ళకి రాసినచోట జాగ్రత్త. గర్భవతి అయిన మరియ, తన బంధువైన ఎలీసబెతును చూడ్డానికి కొండసీమకి బయల్దేరినచోట ఆ మాటే 'త్వరగా' అయి కూచుంది. ఒకే మాట ఒకచోట తొందర, ఇంకోచోట శ్రద్ధ ఎలా అవుతుంది? మాస్టారికి తెలిసినంతలో ఆ రెంటికీ పొసగదు. తొందరపడేవాడు శ్రద్ధగా చెయ్యడు, శ్రద్ధగా చేసేవాడు తొందరపడడు. ఆయన ఇంట్లోనే ఆ రెండూ రెండు మనుషులై తిరిగాయి కదా, అక్కయ్య ఒకటి, తను ఒకటి.

ఆయన ప్రయత్నించని తెలుగు మాట లేదు. ఆత్రం అంటే తిండి దగ్గరి వాసన వేస్తోంది. ఆరాటం అంటే దిగులు కలిసింది. ఉబలాటం మరీ చిన్నపిల్లల మాట. పట్టుదల అంటే పళ్ళు బిగించినట్టుంది. ఒక్కోదాన్నీ రాయడం, కొట్టెయ్యడం. ఇంట్లో ఆయన భార్య "ఏమండీ, ఆ మాట వదిలేసి తర్వాతి మాటకి వెళ్ళకూడదూ?" అంటే, "మెట్టు వదిలేసి మేడ ఎక్కుతారటే?" అనేవారు.

అప్పుడొచ్చింది పాత ప్రిన్సిపాల్‌గారి వీడ్కోలు సభ. మంచి గొంతు కదా అని సభ నడిపించడానికి అక్కయ్యని పిలిచారు. ప్రిన్సిపాల్‌గారు మాట్లాడుతూ, "మన మాస్టారి నిఘంటువు నేను వెళ్ళేలోపు చూస్తాననుకున్నాను" అన్నారు, పాపం ప్రేమగానే. ఆయన కూచున్నారో లేదో అక్కయ్య మైకు అందుకుంది.

"దయచేసి వినండి. నిదానం ప్యాసింజరు సాంకేతిక కారణాల వల్ల 'స' స్టేషన్లో నిలిపివేయబడినది. ప్రభువు రెండో రాకడకి ముందు బయల్దేరుతుందో, తర్వాత బయల్దేరుతుందో చెప్పలేము. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

హాలు హాలంతా గొల్లుమంది. విద్యార్థులు బల్లలు చరిచి నవ్వారు. ప్రిన్సిపాల్‌గారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు, నవ్వకపోతే బాగుండదని. స్నానాల గది తలుపు దగ్గర పుట్టిన హాస్యం ఇల్లు దాటేసరికి దానికి పళ్ళు మొలిచాయి. ఇన్నేళ్ళ కష్టం నలుగురి ముందు నవ్వులాట అయిపోయిందని ఆయనకి కడుపు మండింది. ఆ మంట రావడమూ నిదానమే, చల్లారడమూ నిదానమే.

అక్కయ్య ఫోను చేస్తే "పనిలో ఉన్నానక్కయ్యా, తర్వాత చేస్తా" అనేవారు. ఆ తర్వాత అనేది వచ్చేది కాదు. ఆవిడా మానకుండా చేస్తూనే ఉండేది. చివరికి ఓ సాయంత్రం ఫోనులో రెండే ముక్కలు మాట్లాడింది. "ఎలా ఉన్నావురా? సరే, ఉంటా."

మాస్టారు ఫోను పెట్టేసి భార్యతో అన్నారు, "చూశావా, అక్కయ్య గొంతు మారిపోయింది. బొంగురుగా, ముక్తసరిగా, ఎవరో పరాయివాళ్ళతో మాట్లాడినట్టు."

"జలుబు చేసిందేమోనండీ."

"జలుబూ లేదు, గిలుబూ లేదు. ఆవిడ గొంతు నాకు తెలీదా? కోపం."

అక్కడితో ఫోన్లు కూడా ఆగిపోయాయి.

నెలల తరబడి అలాగే గడిచింది. తర్వాత ఒకరోజు సాయంత్రం మేనల్లుడు ఫోను చేశాడు.

"మావయ్యా, అమ్మకి రేపు మధ్యాహ్నం ఆపరేషన్. స్వరపేటికలో క్యాన్సరన్నారు. పూర్తిగా తీసేస్తారట. తీసేస్తే ప్రాణానికి ఢోకా లేదని గట్టిగా చెప్తున్నారు. కాకపోతే..." అవతల వాడు తలుపు దగ్గరగా వేసిన చప్పుడైంది. "కాకపోతే ఇంక మాట రాదు మావయ్యా."

మాస్టారు కుర్చీలోంచి లేచారు. "ఎప్పట్నించిరా? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దంది. వాడి పని చెడగొట్టకండి అంది. నేనే ఉండబట్టలేక చేశాను. ఎప్పట్నించంటే, గొంతు మారి చాన్నాళ్ళైంది మావయ్యా."

గొంతు మారి. మాస్టారు ఆ రెండు మాటలూ పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. మాటలకి అర్థాలు చెప్పడం తన వృత్తి. 'గొంతు మారింది' అన్న తెలుగు ముక్కకి రెండు అర్థాలుంటే, ఇన్నాళ్ళూ తను తప్పు అర్థం పట్టుకుని వేలాడారు. అక్కయ్య కోపంతో కాదు, నొప్పితో మాట్లాడింది.

భార్య అప్పటికే బీరువా తీసి సంచి సర్దుతోంది. "రేపు పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్దాం పదండి."

"పొద్దున్న క్లాసుంది."

"ఒక్కరోజు లేకపోతే గ్రీసు దేశం మునిగిపోతుందా?"

"అది కాదే. ఆపరేషన్ హడావిడిలో ఏం మాట్లాడతాం? రెండేళ్ళ సంగతి. ఆవిడ కుదుటపడ్డాక, నాలుగు రోజులాగి, స్థిమితంగా కూచుని మాట్లాడితే..."

ఆవిడ సంచి సర్దడం ఆపి మొగుడి వంక చూసింది. "స్థిమితంగా కూచుని మీరు మాట్లాడతారు. వదినగారు దేంతో మాట్లాడతారండీ?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కుర్చీలోంచి మాత్రం లేవలేదు. నిజం చెప్పాలంటే దాన్ని నిదానం అనకూడదు, భయం అనాలి. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అన్న భయం. కానీ ఆయన జీవితమంతా నిదానం అనే దుప్పటి కప్పుకుని పడుకున్నవాడు కనక, ఆ దుప్పటి కింద ఏముందో ఆయనకే తెలియదు. అక్కయ్యతో ఏమనాలో మనసులో రాసుకుంటూ, కొట్టేసుకుంటూ తెల్లవార్చారు. పొద్దున్నే, భార్య నోరు నొక్కుకుని చూస్తుండగా, చెప్పులు యథావిధిగా దులిపి, తొడుక్కుని, క్లాసుకి వెళ్ళిపోయారు.

గ్రీకు క్లాసు జరిగేది మేడమీద ప్రార్థన గదిలో. కింద తివాచీ పరిచి ఉంటుంది కాబట్టి చెప్పులు గుమ్మం బయట విడవాలి. ఆ రోజు పాఠం స్పూదే. నిఘంటువులో తేలలేదు కదా అని మాస్టారు వారం వారం వాయిదా వేస్తూ వచ్చిన పాఠం అది. ఇంక వాయిదా కుదరదు, పరీక్షలు దగ్గరపడ్డాయి.

ఆయన బోర్డు మీద ఆ మాట రాసి, దాని పక్కనే ఇంకో మాట రాశారు. "రోమా వాళ్ళకి రాసిన ఉత్తరంలో ఈ రెండూ కలిసి వస్తాయి. స్పూదే విషయంలో ఓక్నేరోస్‌గా ఉండొద్దు అంటాడు పౌలు. ఓక్నేరోస్ అంటే ఎవరు?"

"సోమరి మాస్టారూ" అన్నారు అందరూ.

"సోమరే. కానీ దాని మూలంలో ఉన్నది బద్ధకం కాదు, వెనకాడడం. పని చేతకానివాడు కాదు వాడు. చక్కగా చెయ్యగలడు. బయల్దేరలేడు, అంతే." ఈ మాటలన్నాక మాస్టారు ఆగి మంచినీళ్ళు తాగారు.

ముందు వరసలో ఒక అమ్మాయి ఉంది, ప్రశ్నల పుట్ట. చెయ్యి ఎత్తింది. "మాస్టారూ, మరియ అంత దూరం స్పూదేతో వెళ్ళింది కదా. అవతల పెద్దావిడకి కాన్పుకి ఇంకా నెలలున్నాయి. కొంపలేం మునిగిపోలేదు. నాలుగు రోజులాగి, ఏం మాట్లాడాలో ఆలోచించుకుని, స్థిమితంగా వెళ్ళొచ్చుగా?"

"అలా ఆలోచించుకుంటే వెళ్ళేది కాదమ్మా" అన్నారు మాస్టారు.

ఆ జవాబు ఆయన తయారు చేసుకున్నది కాదు. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. వచ్చి, తిన్నగా ఆయన చెవిలోనే పడింది.

వెనక కూచున్న పొడుగాటి విద్యార్థి వదల్లేదు. "మరి హేరోదు ముందు నాట్యం చేసిన పిల్ల కూడా ఇదే మాటతో పరిగెత్తిందన్నారుగా మాస్టారూ, యోహాను ప్రవక్త తల నరికించి ఇమ్మని అడగడానికి? మరి తొందర మంచిదెలా అవుతుంది?"

"తొందర ఒక్కటే అయితే కాదు నాయనా. పరిగెత్తడం ఎవరైనా పరిగెత్తుతారు. ఎవరి కోసం అన్నది ఉంటుంది. మనకి కావలసినవాళ్ళు అవతల ఉన్నారనుకో. వాళ్ళని జాగ్రత్తగా చూసుకోవాలనుకో. అప్పుడు ఆ జాగ్రత్తే... ఆ శ్రద్ధే..."

చెయ్యి బోర్డు మీద ఆగిపోయింది. ఇన్నాళ్ళుగా ఆయనకి ముడిపడని రెండు కొసలు అక్కడ, సుద్దముక్క చివర, తాకుతున్నాయి. శ్రద్ధ ఉన్నవాడు ఎందుకు తొందరపడడు? బిడ్డ కాలుజారి పడబోతుంటే తల్లి నిదానంగా నడిచి వెళ్తుందా? చిన్నప్పుడు తను బడి మెట్ల మీంచి దొర్లితే, అక్కయ్య ఒక జడ వేసుకుని, రెండో జడ విప్పుకుని, ఉన్నపళంగా వీధిలో పరిగెత్తుకొచ్చింది. దాన్ని తొందర అంటారా, శ్రద్ధ అంటారా?

"పిల్లలూ, నేను వెళ్ళాలి" అన్నారు మాస్టారు.

"ఎక్కడికి మాస్టారూ?"

"తొందరగా" అన్నారు ఆయన. అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన లేదు. పుస్తకం బల్ల మీదే వదిలేసి, గుమ్మం దగ్గర కాళ్ళకి ఏది తగిలితే అది తొడుక్కుని, మెట్లు దిగిపోయారు. మాస్టారు మెట్లు రెండేసి చొప్పున దిగడం ఆ పాఠశాలలో ఎవరూ చూసి ఎరగరు. ముందు వరస అమ్మాయి కిటికీలోంచి చూసి, "నిప్పంటుకుందా ఏంటి?" అంది.

బస్టాపులో నిలబడ్డాక ఎడమకాలు ఎందుకో చల్లగా, విశాలంగా తోచింది. కిందికి చూసుకున్నారు. కుడికాలికి తన తోలు చెప్పు, బకిల్ పెట్టకుండా వేలాడుతోంది. ఎడమకాలికి ఆకుపచ్చ రబ్బరు చెప్పు, ఆ పొడుగాటి విద్యార్థిది, పడవంత ఉంది. పాఠశాల గేటు కనబడుతూనే ఉంది. వెళ్ళి మార్చుకు రావడానికి ఎంతసేపు? మాస్టారు ఒక అడుగు వెనక్కి వేశారు కూడా. జీవితమంతా చేసిన అలవాటు మరి.

అప్పుడే బస్సు మలుపు తిరిగింది. ఆయన ఆ బస్సునీ, ఆ గేటునీ మార్చి మార్చి చూశారు. గేటు వైపు వెళ్తే ఎంత మర్యాదగా, ఎంత సవ్యంగా ఉంటుందో ఆయనకి బాగా తెలుసు. అలా సవ్యంగానే రెండేళ్ళు గడిచాయి. పచ్చచెప్పుతోనే బస్సెక్కారు.

బస్సులోంచి భార్యకి ఫోను చేశారు. "నేను బయల్దేరాను. నువ్వు ఇంటి దగ్గర్నించి వచ్చెయ్." ఆవిడ, "నేను పొద్దున్నే వచ్చేశానండీ. ఇక్కడే వదినగారి పక్కన ఉన్నాను. మీరు ఎలాగైనా వస్తారని ఆవిడతో చెప్పేశాను, నా పరువు నిలబెట్టండి" అంది. వెంటనే మేనల్లుడు ఫోను లాక్కున్నాడు. "మావయ్యా, ముందు చెయ్యాల్సిన పేషెంటుకి జ్వరమొచ్చిందట. అమ్మని ఇప్పుడే తీసుకెళ్తామంటున్నారు. త్వరగా రా!"

అదే సమయానికి బస్సు ఆగిపోయింది. ముందర రోడ్డు తవ్వి నీళ్ళ గొట్టాలు వేస్తున్నారు. లారీలూ కార్లూ ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలబడ్డాయి. డ్రైవరు ఇంజను ఆపి వేళ్ళు విరుచుకున్నాడు.

మాస్టారు దిగారు. ఆసుపత్రి భవనం పైఅంతస్తులు దూరంగా కనిపిస్తున్నాయి. ముందు గబగబా నడిచారు, తర్వాత పరుగూ నడకా కాకుండా ఒక రకంగా వెళ్ళారు, ఆ తర్వాత సిగ్గు విడిచి పరిగెత్తారు. తోలు చెప్పు టకటక, రబ్బరు చెప్పు ఠప్ఠప్. అరవైకి దగ్గరపడ్డ మనిషి, మెడలో కళ్ళజోడు ఊగుతూ, గొట్టాలు దాటుకుంటూ, మట్టికుప్పలెక్కి దిగుతూ. "ఎవరో దొంగని తరుముతున్నాడు పాపం" అన్నాడు తవ్వేవాళ్ళలో ఒకడు. "ఏం తరమడమయ్యా, ఆయనే చెప్పు ఎత్తుకొచ్చాడు, చూడు" అన్నాడు ఇంకొకడు. మాస్టారికి ఊపిరి ఆడటం లేదు. రాసుకున్న మాటలు ఒక్కొక్కటే దారిలో రాలిపోతున్నాయి. దేవా, ఒక్క మాట విననియ్యి, తిట్టినా పర్వాలేదు, ఆ గొంతుతో తిట్టనియ్యి. ఆయన చేసిన ప్రార్థనలన్నిటిలోకీ వ్యాకరణం లేనిది అదే.

లిఫ్టు దగ్గర గుంపు ఉంది. మెట్లెక్కారు. మూడో అంతస్తు వరండా చివర జంట తలుపులు, వాటి ముందు ఒక స్ట్రెచరు, దాని పక్కన భార్యా, మేనల్లుడూ. వార్డుబాయి చేత్తో తలుపు తోసి పట్టుకున్నాడు.

"అక్కయ్యా!"

ఆ కేకకి అందరూ తిరిగారు. స్ట్రెచరు మీద ఆకుపచ్చ గౌనులో, తలకి టోపీతో పడుకున్న మనిషి మోచేతి మీద లేచింది. చిక్కిపోయింది. కళ్ళు మాత్రం ఆవిడవే. తమ్ముడు వరండా పొడుగునా పడుతూ లేస్తూ రావడం చూసింది. నోరు తెరిచింది. వచ్చిన గొంతు సగం గాలి, సగం గరగర, అయినా ఆ అక్షరాల స్పష్టత ఎక్కడికీ పోలేదు.

"పరిగెత్తకురా నిదానం. పడతావు."

పుట్టి బుద్ధెరిగాక అక్కయ్య తనని నెమ్మదిగా రమ్మనడం మాస్టారు వినడం అదే మొదటిసారి. దగ్గరికొచ్చి స్ట్రెచరు ఊచ పట్టుకుని, రొప్పుతూ నిలబడ్డారు. ఏడుపు తన్నుకొచ్చింది. "నీ గొంతు మారితే... నేను కోపమనుకున్నానక్కయ్యా."

"నాకేం కోపంరా? రావాల్సింది నీకు. నలుగురిలో నిన్ను..." దగ్గు అడ్డమొచ్చింది. దగ్గుతూ తల వాల్చింది. వాల్చిన తల అక్కడే ఆగిపోయింది. ఆవిడ చూపు తమ్ముడి పాదాల మీద పడింది.

ఒక కాలికి తోలు చెప్పు, బకిల్ లేదు. ఒక కాలికి పచ్చ చెప్పు, మట్టి కొట్టుకుపోయి. చెప్పులు దులిపి, సర్ది, ఒక్కో చిల్లూ కొలిచి తొడుక్కునే మనిషి. ఆవిడకి తెలియని కాళ్ళా అవి? నేలమీద మొదటి అడుగు వేయించింది ఆవిడే. అక్కయ్య చాలాసేపు వాటిని అలాగే చూసింది. కళ్ళు నిండాయి. తర్వాత తన గౌను కొస పట్టుకుని చూపించి, "మ్యాచింగా?" అంది.

నవ్వేసింది. గరగరమని, గాలి తగ్గిపోయి, మధ్యలో దగ్గుతో, కన్నీళ్ళతో. ఒకప్పుడు స్నానాల గదిలో ఉన్న తమ్ముడికి తలుపవతల నించి వినబడిన అక్కయ్య నవ్వే అది. మాస్టారూ నవ్వారు, ఏడుస్తూనే. ఏం జరుగుతోందో అర్థంకాని వార్డుబాయి కూడా నవ్వాడు.

"అమ్మా, లోపల డాక్టరుగారు ఎదురుచూస్తున్నారు" అన్నాడు కాసేపటికి.

"ఒక్క అనౌన్స్‌మెంటు బాబూ" అంది ఆవిడ. వెల్లకిలా పడుకుంది. కళ్ళు మూసుకుని, గొంతు సవరించుకుని, ఉన్న బలమంతా కూడదీసుకుంది.

"దయచేసి వినండి." వరండాలో కుర్చీల మీద కూచున్నవాళ్ళు నిజంగానే తలలెత్తారు. "నిదానం ప్యాసింజరు... సరైన సమయానికి... వచ్చి చేరినది."

స్ట్రెచరు కదిలింది. తలుపులు మూసుకున్నాయి. మాస్టారు పిడికిలి విప్పి చూసుకుంటే సుద్దముక్క ఉంది, పొడిపొడి అయిపోయి. భార్య ఆయన చెయ్యి తన కొంగుతో తుడిచి, పక్కన నిలబడింది.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టర్లు చెప్పినట్టే ప్రాణానికి ఢోకా లేదు, చెప్పినట్టే మాట లేదు. మెడ మీద కట్టుతో అక్కయ్య మంచం మీద లేచి కూచున్నాక ఆవిడకి తుడిచి రాసుకునే పలక ఒకటి ఇచ్చారు. అక్కడ కొత్త చిక్కు వచ్చింది. ఆవిడ రాసేది ఎవరికీ అర్థం కాదు. నోటికున్న తొందరంతా చేతిలోకి దిగింది. గుడులూ కొమ్ములూ దీర్ఘాలూ అన్నీ మింగేసి ఉత్త హల్లులు గిలికి, మొహం మీద పెట్టి, ఎదుటివాడు చదివేలోపు తుడిచేసి, ఇంకోటి గిలుకుతుంది. కొడుకు రెండు రోజులు ప్రయత్నించి తల పట్టుకున్నాడు. ఆవిడ మంచినీళ్ళు అడిగితే నర్సు దుప్పటి తెచ్చింది.

మాస్టారు మాత్రం కుర్చీ లాక్కుని పక్కన కూచున్నారు. ఆ పాఠశాలలో గ్రీకు క్లాసులు సెలవు చీటీతో ఆగడం అదే మొదలట. మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేకుండా రాసిన పాతకాలపు ప్రతులు ఆయన ఎన్ని చదవలేదు? కళ్ళజోడు సర్దుకుని, పలక వెలుతురుకి పట్టి, ఎక్కడ గుడి పెట్టాలి, ఎక్కడ కొమ్ము వెయ్యాలి అని ఒక్కో అక్షరం దగ్గరా ఆగి చదివేవారు. "మ, చ, న, ళ, ళ... మంచినీళ్ళు. అంతేనా?" అక్కయ్య విసుగ్గా తలూపేది, ఇంత సేపా అన్నట్టు. అయినా పలక ఆయన చదివేదాకా తుడిచేది కాదు. ఎప్పుడు మానిందో కానీ, ఆ గబగబా తుడవడం మానింది.

ఇంటికి పంపించే ముందురోజు ఆవిడ తమ్ముడి కాళ్ళ వంక చూసింది. బకిళ్ళు సరిగ్గా పెట్టిన తోలు చెప్పుల జత. మొహం చిన్నబుచ్చుకుంది. పలక మీద 'పచచ చపప' అని రాసింది.

"ఆ పచ్చ చెప్పు ఎవరిదో వాళ్ళకి ఇచ్చేశానక్కయ్యా. పాపం ఆ కుర్రాడు ఆ రోజు ఒంటిచెప్పుతో ఇంటికెళ్ళాట్ట."

అక్కయ్య భుజాలు కదిలాయి, చప్పుడు లేని నవ్వుతో. మళ్ళీ పలక అందుకుంది. 'స సటషన దటద?'

"స స్టేషన్... దాటిందా?" మాస్టారు తల గోక్కున్నారు. "అర్థమైతే అయిందక్కయ్యా. తొందరా శ్రద్ధా ఒకటే అయ్యే చోటు ఉంది, అదీ ఆ మాట. కానీ దానికి తెలుగులో ఏం రాయాలో మాత్రం ఇంకా తేలలేదు. నువ్వే చెప్పు."

నవ్వులాటకి అన్నారు. ఆవిడ క్షణం కూడా ఆలోచించలేదు. పలక మోకాలి మీద పెట్టుకుని చరచరా అయిదక్షరాలు గిలికి ఆయన ఒళ్ళో పడేసింది.

వ, చ, చ, వ, గ.

మాస్టారు దాన్ని కిటికీ వైపు తిప్పారు. పెన్ను మూత తీశారు. ముందు చ కింద చ వత్తు పెట్టారు. దానికి దీర్ఘం ఇచ్చారు. వ కి కొమ్ము తగిలించారు. చివరి గ దగ్గర చాలాసేపు ఆగి, దానికీ దీర్ఘం పెట్టారు. అక్కయ్య ఈసారి తొందరపెట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూచుంది.

"వచ్చావుగా" అని చదివారు మాస్టారు.

నిఘంటువుల్లో అర్థాలు అలా రాయరని ఆయనకి తెలుసు. అయినా ఇంటికెళ్ళాక స్పూదే ఎదురుగా ముందు పెన్సిలుతో, తర్వాత సిరాతో అదే రాసి, తర్వాతి మాటకి వెళ్ళారు.